గోడ అవతలి గరిక

పక్కింట్లో పచ్చగా కనబడితే పాత స్నేహితుణ్ణి నట్టనడుమ వదిలేసి పోయే రకం మీరు, చర్చా మిత్రులారా. ఈ సాయంత్రం కళ్లారా చూశాను.

మా లాన్ మీద నెలనెలా జరిగే చర్చ ఈసారి దేశవాళీ విత్తనాల గురించి. నేను వ్యాసం చదువుతుండగానే, మచ్చలు పడి కుళ్లిన గడ్డి మీద కూర్చోలేక ఒక్కొక్కరే లేచి, పక్కింటి టైర్ల షాపు కరీం భాయ్ వాళ్ల పచ్చిక మీదికి చేరారు. చెప్పులు విప్పి మరీ కూర్చున్నారు. నేనూ వ్యాసం చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి నడిచాను.

"ఏం మందు వేస్తున్నవ్ భాయ్?" అని గోడ మీది నుంచి అడిగాను.

"మందేంది సార్? ములకలపల్లి రైతులు చేన్లకెల్లి పీకి పారేసిన గరిక గిది. తెల్లారంగనే నీళ్లు పెడ్త. మీరేమో పొద్దుగూకినంక పెడ్తరు. గీ ఉక్కకు రాత్రంత తడి ఆరక కుళ్లుతది. ఇంతకీ మీ గడ్డి ఏ దేశంది?"

చేతిలో దేశవాళీ విత్తనాల వ్యాసం పెట్టుకుని ఆ దేశం పేరెలా చెప్పను?

నా డిమాండ్లు:

వచ్చే నెల చర్చ మా లాన్ మీదే జరగాలి.

అప్పటిదాకా కరీం భాయ్ పచ్చికను నా ముందు ఎవరూ పొగడకూడదు.

అతన్ని నాలుగు బుట్టల గరిక అడగడానికి ఎవరు వెళ్తారో కింద పేరు రాయాలి. నేను మాత్రం అడగను.