సగం మెరిసిన తుపాకీ

నా పెళ్లి సంబంధం తుప్పు గీకే ఒక ఎమిరీ కాగితం ముక్క వల్ల మంట కలిసిపోబోయింది. నవ్వకండి, ముందు వినండి.

అప్పుడు నేను అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. నా చేతులకు ఊరుకోవడం రాదు. బస్సెక్కినా ముందు సీటుకు వదులైన నట్టు బిగిస్తూ కూర్చుంటాను. అలాంటివాణ్ణి, పెందుర్తిలో లలితను చూసి నచ్చిందని చెప్పాక, వాళ్ల నాన్న సింహాచలం గారు దసరా ఆయుధపూజకు రమ్మన్నారు. అవునో కాదో ఆ రోజే చెబుతారట. ఇక నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు!

వెళ్లేసరికి నడవలో స్పానర్లు, కత్తిపీట, కొడవలి వరసగా ఉన్నాయి. వాటి మధ్య ఒక పాత వేట రైఫిల్. లైసెన్సు ఉంది గానీ, అది పేలడం మానేసి రెండు తరాలైందట.

"మా తాతది బాబూ. దీంతో ఏజెన్సీలో పులిని కొట్టేడు. పాత తుపాకుల మీద పుస్తకం రాసే మాస్టారు దీన్ని సూడ్డానికొత్తన్నారు. నానెల్లి బేగి తీసుకొత్తాను. ఈలోగా కాస్త తుడిసి ఉంచు," అని ఆయన వెళ్లారు.

ఆయన తుడవమన్నది గుడ్డతో. నాకు కనిపించింది తుప్పు! ఇనుము మీద గోధుమరంగు కనబడితే మా సూపర్‌వైజరు ప్రాణం తీస్తాడు. మీ జేబులో రుమాలున్నట్టు నా జేబులో ఎమిరీ కాగితం ఉంటుంది. కర్ర పిడికి ఆనుకున్న చోట మొదలెట్టి గొట్టం వెంబడి రుద్దుకుంటూ పోయాను. అబ్బ, ఏం మెరుపు! కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడింది.

కాఫీ తెచ్చిన లలిత గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటి సేత్తన్నారు?"

"మెరిపిత్తన్నాను. మీ నాన్న మురిసిపోతారు సూడండి."

"ఓలమ్మో! అది తుప్పు కాదండీ. ఆ రంగు సూసే ఏ కాలందో సెప్తారంట!"

సరిగ్గా సగంలో నా చెయ్యి ఆగింది. జన్మలో మొదటిసారి ఊరుకుంది, అదీ ఆలస్యంగా.

అంతలోనే ఇద్దరూ వచ్చేశారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని వంగారు. "తయారుచేసినవాళ్ల ముద్ర ఇక్కడుండాలే?"

"ఉండేదండి," అన్నాను.

"ఇప్పుడెక్కడుంది?"

నేను ఎమిరీ కాగితం చూపించాను.

మాస్టారు కళ్లజోడు తీసేశారు. "ఈ సగానికి నూరేళ్లు. ఈ సగం ఇప్పుడే పుట్టింది."

నాకు ఏడుపొక్కటే తక్కువ. లలిత ముఖం చూసే ధైర్యం లేదు. "నానెల్లొత్తానండి, బాబూ," అని గొణిగి చెప్పుల కోసం వెతుక్కున్నాను.

సింహాచలం గారు తుపాకీని అటూ ఇటూ తిప్పారు. "దాసలేదు సూడండి మాస్టారూ, అడగ్గానే కాగితం సూపించీసినాడు. రాసుకోండి. ఈ సగం మా తాత సరిత్ర. ఈ సగం మా అల్లుడి సరిత్ర."

అల్లుడు! ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ తుపాకీ మీద చెయ్యేసి... వద్దులెండి, దూరం నుంచే దండం పెట్టి ప్రమాణం చేశాను: నాకన్నా వయసులో పెద్దదైన దేన్నీ ఈ జన్మలో రుద్దను. మామయ్యగారికి మాత్రం ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే బట్టతల మీద తువ్వాలు కప్పుకుంటారు.