కుక్కరులో గంజి

నేను మొదటిసారి ప్రెషర్ కుక్కర్ చూసింది రేపల్లెలో, మా పిన్ని ఇంట్లో. అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది. లోకంలో చూడవలసినవన్నీ చూసేశాననే నమ్మకంతో ఉన్న వయసు. పిన్నివాళ్ళు కొన్నేళ్ళు మద్రాసులో ఉండి వచ్చారు. వాళ్ళ వంటింట్లో స్టవ్వు పక్కన బరువైన గిన్నె ఒకటి, దానికి పొడవాటి పిడి ఉన్న మూత, మూత నెత్తిన చిన్న బుడిపె. పిన్ని అందులో బియ్యం, పెసరపప్పు, మిరియాలు, కాస్త నెయ్యి వేసి, నీళ్ళు పోసి మూత బిగించింది. "పెరట్లోకెళ్ళి నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచుకురా" అంది. తుంచుకుని గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, అది కూసింది. కరివేపాకు అక్కడే పారేసి బయటికి గెంతాను. రైలింజను తప్ప అంత గట్టిగా కూసేది ఇంకొకటి ఉంటుందని నాకు తెలియదు.

కాసేపటికి పిన్ని మూత తీసింది. పులగం. మెతుకుకు మెతుకు విడిగా కనిపిస్తోంది, గరిటె పెడితే మాత్రం వెన్నలా జారుతోంది. మా అమ్మ ఇదే పులగం చెయ్యాలంటే పొయ్యి ముందు కూర్చుని ఊదుకుంటూ, కలుపుకుంటూ, అడుగంటకుండా కాపలా కాసేది. ఇక్కడ ఎవరూ ఊదలేదు, ఎవరూ కలపలేదు. మారు మీద మారు వడ్డించుకుని తిన్నాను. ఆశ్చర్యానికి ఆకలి కూడా పెరుగుతుందని ఆ రోజే తెలిసింది.

పెళ్ళై తెనాలి కాపురానికి వచ్చాక ఆ గిన్నె విలువేమిటో ఇంకా బాగా తెలిసింది. ఇంట్లో నలుగురమే: అత్తగారు, మామగారు, మా ఆయన, నేను. గేదెను కూడా కలిపితే అయిదుగురం. కలపక తప్పదు, ఎందుకంటే ఇంటి పనులన్నీ దాని వేళల ప్రకారమే నడిచేవి. మా బావి నీళ్ళు ఉప్పన. వాటిలో కందిపప్పు వేస్తే మధ్యాహ్నం దాకా మరిగినా గింజ గింజగానే ఉండేది. మంచినీళ్ళు పోసినా మెత్తబడటానికి గంటన్నర. అందుకని అత్తగారు కోడి కూయకముందే లేచి పప్పు పొయ్యి మీద పడేసేవారు. ఆ తర్వాత అన్నం. ఎసరు కాగాక బియ్యం పోయడం, మెతుకు పట్టి చూడటం, సరిగ్గా వేళకి గంజి వార్చడం. ఒక్క నిమిషం అటైతే అన్నం చిమిడిపోతుంది, ఇటైతే పలుకు. అత్తగారు పెరట్లో ఉండి వాసనతోనే చెప్పేవారు, వార్చే వేళైందని. ఆ విద్యలో ఆవిడకు సాటి వీధి మొత్తంలో లేరు. ఆ సంగతి వీధికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. వార్చిన గంజి కొంత బట్టలకు, మిగిలింది గేదె కుడితిలోకి.

కాపురానికి వచ్చిన రెండో ఏడు నాకు బాపట్లలో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చింది. రోజూ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాలి, సాయంత్రం తిరిగి రావాలి. డెబ్బైల మొదట్లో మాలాంటి ఇంటి కోడలు రోజూ రైలెక్కడమంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకునే విషయం. మామగారు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు అరుగు మీద నుంచే కొడుక్కి తీర్పు వినిపించారు.

"చదువుకోనీ. కాదనను. కానీ దాని చదువు మూలాన మీ అమ్మకి కష్టమొచ్చిన రోజే ఆఖరు. ఇక బాపట్ల మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

అంటే పొద్దుటి వంట ముగించి మరీ నేను రైలెక్కాలి. వారం తిరక్కుండానే అర్థమైంది, ఇలాగైతే నెల కూడా చదవలేనని. పప్పు ఉడికేది కాదు, బండి ఆగేది కాదు. రెండుసార్లు తడిజడతోనే స్టేషనుకి పరుగెత్తాను. మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఒక ఆదివారం గుంటూరు వెళ్ళి కుక్కరూ, కిరసనాయిలు స్టవ్వూ పట్టుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా వంటింట్లో పెట్టి స్నానానికి వెళ్ళిపోయారు.

మర్నాడు అందులో మొదటిసారి కందిపప్పు పెట్టాను. మామగారు కుర్చీ తీసుకుని వీధిలోకి వెళ్ళి కూర్చున్నారు. అత్తగారు గుమ్మం అవతల నిలబడి, తల మాత్రం లోపలికి పెట్టారు. మొదటి కూతకు గేదె పలుపు తెంపుకోబోయింది. నాలుగో కూతకు స్టవ్వు ఆర్పాను. ఆవిరంతా పోయాక మూత తీసి పక్కకు జరిగాను. అత్తగారు వచ్చి, వేలితో కాస్త పప్పు తీసుకుని, బొటనవేలుతో నలిపి చూశారు. గింజ దొరకలేదు. మళ్ళీ తీసుకుని నలిపారు.

"ఎంతసేపైంది?" అన్నారు.

"పావుగంట అయి ఉంటుందండి అత్తయ్యా."

ఆవిడ కట్టెల పొయ్యి వంక చూశారు. పొగకు నల్లబడ్డ గోడ వంక చూశారు. "నా పెళ్ళప్పటికి ఇది లేదా?" అని అడిగారు.

"ఉందేమోనండి. మన దాకా రాలేదు."

ఆవిడ వేలికి అంటిన పప్పును చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ముప్పై ఏళ్ళ తెల్లవారుజాములు ఆ వేలి కొసన మెత్తగా నలిగి ఉన్నాయి.

ఆ వారంలోనే కూతలు లెక్కపెట్టే పని ఆవిడ చేతిలోకి తీసుకున్నారు. నేను స్టవ్వు వెలిగించి స్నానానికి వెళితే, ఆవిడ పీట వేసుకుని కూర్చుని, కూతకొక చింతగింజ పక్కన పెట్టేవారు. అయితే అన్నం మాటకొచ్చేసరికి మా ఇద్దరికీ పడేది కాదు. కుక్కరులో పోసిన నీళ్ళన్నీ అన్నమే తాగేస్తుంది. వార్చడానికి ఏమీ మిగలదు.

"గంజి లేని అన్నమేంటి? మెతుకు పట్టి చూడకుండా ఉడికిందని ఎట్టా చెబుతాం?" అనేవారు.

"కుక్కరు చెబుతుందండి" అనేదాన్ని నేను. నా నోటి దురుసు నాకు తెలుసు. ఆ మాటకు ఆవిడ ముఖం చిన్నబుచ్చుకోవడం కూడా చూశాను. చూసి, బండికి వేళైందని వెళ్ళిపోయాను.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అన్నం కుక్కరు పెట్టి నీళ్ళు పోసుకుంటున్నాను. ఇల్లు కూలినట్టు చప్పుడైంది. చీర చుట్టుకుని పరుగెత్తాను. మూత పైకెగిరి వాసానికి కొట్టుకుంది, రెండు పెంకులు పగిలాయి. గోడల నిండా మెతుకులు, నేల నిండా గంజి. మధ్యలో అత్తగారు నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కమిలిపోయింది.

మా ఆయన సైకిలు మీద వెళ్ళి డాక్టరుని తీసుకొచ్చారు. డాక్టరు మందు రాసి కట్టు కట్టి వెళ్ళేసరికి నా బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. అత్తగారిని మంచం మీద కూర్చోబెట్టాం. మామగారు ఒంటికాలి మీద లేచారు.

"మూత సరిగ్గా పెడితే ఎందుకు లేస్తుంది? ధ్యాస ఇక్కడ ఉంటే కదా. ఇంతటితో చాలు. రేపటి నుంచి బండీ లేదు, బాపట్లా లేదు."

నేనే సరిగ్గా పెట్టలేదని నాకూ అనిపించింది. రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో, మూత పూర్తిగా తిప్పానో లేదో, ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. రెండు నెలలుగా నేను ఆశపడ్డదంతా నా చేతులతోనే పేల్చేసుకున్నాను అనుకున్నాను. "అట్టాగేనండి మామయ్యగారూ" అని, కుక్కరు కట్టి అటక మీద పడెయ్యడానికి గోనెసంచి తీశాను.

"దాన్నేమీ అనకండి" అన్నారు అత్తగారు మంచం మీద నుంచి. "అది మూత సరిగ్గానే పెట్టింది. తీసింది నేను."

మామగారు ఆవిడ వైపు తిరిగారు.

"అది స్నానానికి పోయాక మూత తీసి ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు పోసి మళ్ళీ పెట్టా. ఒక కూత కూసింది. ఇంకా ఉంచితే అన్నం చిమిడిపోద్ది, మెతుకు పట్టి చూసి వారుద్దామని మూత తిప్పా. కదల్లా. పప్పుగుత్తితో పిడి మీద రెండు దెబ్బలేశా."

"ఎందుకే?"

"గంజి కోసం."

మామగారి గొంతు కాస్త తగ్గింది. "నా పంచెలకా?"

"అరుగు దిగని మనిషికి గంజి పంచెలెందుకు? దాని చీరకి. రెండు నెలల్నుంచి తడిగుడ్డ చుట్టుకున్నట్టు పోతోంది. రేపు బళ్ళో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలంట. పెద్దోళ్ళు వెనకాల కూర్చుని చూస్తారంట. అట్టా వేలాడే చీరతో నిలబడితే పిల్లలు దాని మాట వింటారా?"

ఆ పాఠం సంగతి నేను మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి చెప్పినా పట్టదనుకున్నాను. ఆవిడ నోరు మెదపకుండా ఉంటే చాలు, నా చదువు ఆ రోజుతో సరి. గంజి వార్చడంలో తనకు సాటి లేదని పేరున్న మనిషి, గంజి కోసమే చెయ్యి కాల్చుకున్నానని, మొగుడి ముందు, కోడలి ముందు తన నోటితో చెప్పారు. కుక్కరు చూసి ఆశ్చర్యపోయాను అన్నాను కదా. అది ఆశ్చర్యమే కాదు. ఆశ్చర్యమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

మామగారు భుజం మీది తువ్వాలు తీసి దులిపారు, మళ్ళీ వేసుకున్నారు. "రేపు బండి ఎన్నింటికిరా?" అని అడిగారు కొడుకుని.

మధ్యాహ్నం అత్తగారు నా చేత కట్టెల పొయ్యి వెలిగించి ఎసరు పెట్టించారు. పడుకోండి అత్తయ్యా అంటే వినలేదు. "నీకు మెతుకు చూడటం రాదు" అన్నారు. ఎడమచేత్తో మెతుకు నలిపి, ఊ అన్నాక నేను వార్చాను. గంజి పల్చన చేసి తెల్లచీర ముంచాం. పెరట్లో ఆరేసేటప్పుడు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస ఎడమచేత్తో ఆవిడ పట్టుకున్నారు.

"గట్టిగా లాగు. ముడత పడితే వెనక నుంచి కనపడుద్ది. రోజూ చూస్తున్నాగా, నువ్వు వీధి మలుపు తిరిగేదాకా."

రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. నేను వెళుతుంటే గుమ్మంలో ఒక మనిషి నిలబడి చూస్తోందని నాకు తెలియదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు నేను. ఏడుపు ఆపుకుంటూ లాగాను.

"ఇంకా లాగు" అన్నారు అత్తగారు.