నలభై మనసులకు రఫూ

ఇది ఒక ఘోరం గురించిన కథ. భయపడకండి, ఎవరికీ రక్తం కారలేదు, ఏ మగ్గాల షెడ్డూ తగలబడలేదు. అయితే సూరత్‌లోని మా గోడాదరా గల్లీలో నలభై మంది ఆడవాళ్లు ఒక్క ఆదివారంలో మాయమైపోయారు. మాయం చేసింది నేను. దానికి నేను వాడింది బొటనవేలంత రబ్బరు ముక్క. ఆ రోజు 1997 ఫిబ్రవరి పదహారు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి సాయంత్రం ఐదున్నరకు ముగించాను. మధ్యలో అన్నానికి ముప్పావు గంట తీసేయండి.

అప్పుడు నాకు నలభై ఒక్క ఏళ్లు. నా పని తానుల తనిఖీ. మరమగ్గాల మీంచి దిగిన గుడ్డను బల్ల మీద లాగుతూ, వెలుతురులో చూస్తూ, పోగు తెగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, సూదితో రఫూ చేయాలి. మా సేఠ్ ఒక నియమం పెట్టాడు: ప్రతి తప్పునూ ముందు పుస్తకంలో రాయాలి, ఆ తరువాతే సూది పట్టాలి. రాయకుండా బాగుచేస్తే దొంగతనం కింద లెక్క. నేను ఆ నియమాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మా ఆయన చొక్కా గుండీ ఎన్నిసార్లు ఊడిందో అడిగితే తేదీలతో సహా చెప్పగలను. అందుకే ఆయన అడగడు.

ఆ ఫిబ్రవరి ఐదో తేదీ, బుధవారం మధ్యాహ్నం, హేతల్ అనే డాక్టరమ్మ మా గదికి వచ్చింది. గుజరాతీ అమ్మాయి, ఆసుపత్రిలో పనిచేస్తూ పెద్ద చదువు చదువుతోంది. మరమగ్గాల హోరులో ఏళ్ల తరబడి బతికే ఆడవాళ్ల నిద్ర, స్వభావం ఎలా ఉంటాయన్నది ఆమె పరిశోధన. పోల్చి చూడటానికి తాపీ నదికి అవతల, అడాజన్ ఫ్లాట్లలో ఉండే నలభై మందిని ఆమే అడుగుతోంది. మా తెలుగువాళ్లను అడగటానికి తెలుగు చదవగలిగిన మనిషి కావాలి. మా గదుల వరసలో పదో తరగతి గట్టెక్కిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. చెట్టులేని చోట ఆముదమే వృక్షం అంటారు కదా. ఆ ఆముదానికి ఆమె నలభై కాగితాల కట్టలు, నాలుగు పెన్సిళ్లు, ఒక రబ్బరు ఇచ్చింది.

కట్టకు ఎనభై ప్రశ్నలు. జవాబు అవును లేదా కాదు. "మీరు వివరించకండి, నచ్చజెప్పకండి నర్సాబెన్. వాళ్లు ఏమంటే అదే రాయండి" అని ఆమె, నన్ను వాళ్ల పద్ధతిలో బెన్, అంటే అక్క, అని పిలుస్తూ, హిందీలో మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ తలూపాను. రాసేటప్పుడు అలాగే రాశాను కూడా. రాసిన తరువాత ఏం చేయకూడదో మాత్రం ఆమె చెప్పలేదు. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నా తరఫున చెప్పుకోవటానికి ఉన్నది అదొక్కటే.

రోజుకు నలుగురు చొప్పున పది రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు నీళ్లలోంచి చూసినట్టు కనబడతాయి. గోడ అవతల సాంచాలు ఆడుతూనే ఉంటాయి. మరమగ్గాలను మా వాళ్లు అలాగే అంటారు. ఆ హోరు కొన్నాళ్లకు చెవికి వినబడదు, ఒంటికి వినబడుతుంది. కిటికీలోంచి పడే ఎండలో నూలు దుమ్ము మెల్లగా తేలుతూ ఉంటుంది. ఎదురుగా ఒక ఆడమనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, పెళ్లయిన నాటి నుంచి తనను ఎవరూ అడగని ప్రశ్నలు వింటూ ఉంటుంది. నీకు ఏం ఇష్టం? నీకు దేనికి భయం? ఒక్కొక్కరు జవాబు చెప్పటానికి ఎంతసేపు తీసుకునేవారంటే, నేను పెన్సిలు పట్టుకుని కునికిపాట్లు పడేదాన్ని.

పధ్నాలుగో కట్ట మా పక్కగది రాజవ్వది. మగ్గాలకు దారం కండెలు చుట్టే పని ఆమెది, నన్ను వదినా అని పిలుస్తుంది. ఏడో ప్రశ్న, నలుగురిలో ఉండటం మీకు ఇష్టమా అని. అవునంది. యాభై రెండో ప్రశ్న, ఒంటరిగా ఉంటేనే మీకు హాయిగా ఉంటుందా అని. దానికీ అవునంది.

"రాజవ్వా, ఇందాక నలుగురు కావాలంటివి గదనే" అన్నాను. నచ్చజెప్పకూడదు, నిజమే, కానీ గుర్తుచేయవద్దని ఎవరన్నారు?

"పొద్దుగాల నలుగురు గావాలె వదినా. పగటీలి ఒక్కదాన్నే ఉండాలె. రెండూ నిజమే గద, ఏంది నీ లొల్లి?"

అరవై ఒకటో ప్రశ్న: ఒక్కోసారి మెలకువగా ఉండి కూడా కలలో ఉన్నట్టు అనిపిస్తుందా?

రాజవ్వ చాలాసేపు దుమ్ము తేలటం చూసింది. "అవునని పెట్టు. కండెలు చుట్టుకుంట కూసుంటే నా చేతులు ఈడ ఉంటయి, నేను మా ఊరి మానేరు ఒడ్డుకు ఉంట. నీళ్లల్ల చిన్న చిన్న చేపలు గుడ కనవడ్తయి."

రాశాను. కానీ లోపల నా తనిఖీ బల్ల కిర్రుమంది. ఒక్క పోగు తెగకుండా కండెలు చుట్టే మనిషి కలలో ఎలా ఉంటుంది? ఉండదు. తప్పు.

పదిహేనో తేదీ శనివారానికి కట్టలన్నీ నిండాయి. నలభై ఎనభైలు మూడువేల రెండు వందల జవాబులు. ఆదివారం సరిచూడటానికి కూర్చున్నాను. చూస్తే ఏముంది, తాను నిండా తెగిన పోగులే. ఒకే ప్రశ్నను మాట మార్చి రెండుచోట్ల అడిగారు, మా వాళ్లు రెండుచోట్లా రెండు రకాలుగా చెప్పారు. ప్రశ్న రెండుసార్లు పడటం అచ్చువాడి పొరపాటు అనుకున్నాను. జవాబు మారటం మా వాళ్ల పొరపాటు. ఇవి ఇలాగే ఆసుపత్రికి వెళితే, తెలుగువాళ్లకు మాట మీద నిలకడ లేదని అనుకోరా? పైగా, నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు అన్న ప్రశ్నకు నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది పకపకా నవ్వి కాదు పెట్టమన్నారు. మిగిలిన ఇద్దరు నవ్వకుండా కాదు పెట్టమన్నారు. మా గల్లీ పరువు ఏం కావాలి?

నేను రబ్బరు తీశాను. అలవాటు ప్రకారం ముందు నోటుపుస్తకం తెరిచాను. కాగితం పధ్నాలుగు, ప్రశ్న యాభై రెండు, అవును ఉండెను, కాదు చేయడమైనది. అలా రాసి, తుడిచి, దిద్ది, దుమ్ము ఊది, తరువాతి తప్పుకు వెళ్లాను. ఏది ఉంచాలో, ఏది మార్చాలో ఎలా తేల్చానంటారా? నాకు సబబుగా తోచింది ఉంచాను. సాయంత్రానికి మూడు వందల పదకొండు రఫూలు. మనిషికి ఏడుకు పైన, ఎనిమిదికి కింద. కుక్క తోక వంకర తీసినవాళ్లు లోకంలో లేరంటారు. నేను తీశాను. తీశాక అది తోకలా లేదన్న సంగతి మాత్రం గమనించలేదు.

సోమవారం హేతల్ వచ్చి కట్టలు పట్టుకెళ్లింది. ఇంత శుభ్రమైన కాగితాలు ఎప్పుడూ చూడలేదంది. ఆ మెప్పు మీద పది రోజులు గాల్లో నడిచాను.

పదకొండో రోజు, ఇరవై ఏడో తేదీ గురువారం, అదే అమ్మాయి అదే గుమ్మంలో నిలబడింది. ముఖం రంగు వెలిసిన చీరలా ఉంది. కూర్చోమంటే కూర్చుంది, మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకుని తాగకుండా ఉండిపోయింది.

"నర్సాబెన్, ఈ నలభై మందిలో అలిగే మనిషి ఒక్కరైనా లేరా?"

"ఎందుకు లేరు? ఇరవై ఇద్దరు ఉన్నారు."

"కాగితాల మీద ఒక్కరూ లేరు."

"అలగటం తప్పు కదా మేడమ్. సరిచేశాను."

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇంకేం సరిచేశానని అడిగింది. చెప్పాను. దాచుకోవలసింది ఏముంది, అప్పటికి నేను ఇంకా మెప్పు కోసమే ఎదురుచూస్తున్నాను. చెబుతున్న కొద్దీ ఆమె తల రెండు చేతుల్లోకి దిగిపోయింది.

అప్పుడు ఆమె మెల్లగా అసలు సంగతి చెప్పింది. ఒకే ప్రశ్న రెండుసార్లు అడగటం అచ్చు పొరపాటు కాదట, కావాలని పెట్టిందట. మనిషి ఎక్కడ ఎంత ఊగుతుందో తెలియటానికట. అబద్ధం ఆడలేదా, అలగలేదా అనే ప్రశ్నలు మొత్తం ఎనిమిది ఉన్నాయట. నిజం చెప్పే ఏ మనిషీ ఆ ఎనిమిదింటికీ మంచి జవాబు ఇవ్వలేదట. మంచిగా కనబడాలని ఎవరు ఎంత దిద్దుకుంటున్నారో అవి పట్టిస్తాయట. మా నలభై మందికీ ఎనిమిదికి ఎనిమిది వచ్చాయి.

"మీ తానులో పోగు తప్పితే తప్పు. నా తానులో ఆ తప్పిన పోగే నాకు కావాలి" అంది.

ఆమె పైనున్న పెద్ద డాక్టరు కాగితాలు చూసి ఆమెతో, గోడాదరాలో నలభై మంది లేరు, ఉన్నది ఒకే ఒక్క మనిషి, ఆ మనిషివి నువ్వే, ఇంట్లో కూర్చుని నింపావు అన్నాడట. సోమవారం, అంటే మార్చి మూడు లోపల జవాబు చెప్పుకోలేకపోతే పరిశోధన కొట్టేస్తారు. ఏడాది చదువు పోతుంది, దొంగరాతలు రాసిందన్న మాట మాత్రం ఎప్పటికీ పోదు. మళ్లీ నలభై మందిని అడగటానికి వ్యవధి లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఊరంతటినీ తన దారికే తోలిన ఉలిపికట్టెను నేను.

మా ఆయన సాంచాల మేస్త్రీ. డ్యూటీ దిగి అప్పుడే వచ్చి, తలుపు పక్కన నిలబడి అంతా విన్నాడు. "నా ఒక్కని మీద ఇరవై రెండేండ్లు తిప్పలు పడ్డవ్, వంకర పోలే. నలభై మందిని ఒక్క ఐతారం నాడు ఎట్ల సక్కజేసినవే?" అన్నాడు.

ఆయన పెళ్లి లెక్క ఒక ఏడాది తప్పు. దిద్దటానికి అది సమయం కాదు కాబట్టి ఊరుకున్నాను. కానీ లెక్క అనగానే నాకు నోటుపుస్తకం గుర్తొచ్చింది. తీసి ఆమె ఒడిలో పెట్టాను. అవును, కాదు తప్ప తెలుగు రాకపోయినా అంకెలు చదివింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. ఇందులో అన్నీ ఉన్నాయా అని అడిగింది.

"మూడు వందల పదకొండు. మేడమ్, రాయకుండా తుడిస్తే దొంగతనం."

ఆ సాయంత్రం, మర్నాడు మధ్యాహ్నం కూర్చుని రఫూలు విప్పాం. నేను చదవటం, ఆమె ఎర్ర పెన్నుతో పాత జవాబు పక్కన వేయటం. శుక్రవారం మూడింటికి కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. మా గల్లీలో హోరు ఆగితే నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, అంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను అరవై ఒకటో ప్రశ్న దగ్గరికి వచ్చాను. కాగితం మూడు, అవును ఉండెను. కాగితం నాలుగు, అవును ఉండెను. కాగితం ఎనిమిది. పదకొండు. పధ్నాలుగు. చదువుతూ ఉంటే మొత్తం ఇరవై ఏడు.

ఇరవై ఏడు మంది. అంటే ఇన్నేళ్లుగా మా గల్లీలో చేతులు మాత్రమే పని చేస్తున్నాయి. మనుషులు ఎవరి నీటి ఒడ్డున వాళ్లు కూర్చుని ఉన్నారు. రోజూ పంపు దగ్గర కలిసే మనుషులే, ఒక్కరూ ఒక్కరికీ చెప్పుకోలేదు. నాకు చెప్పారు. నేను తుడిచి, దుమ్ము ఊదాను. ఎండలో తేలుతున్న దుమ్ము కేసి చూస్తూ, అందులో నా రబ్బరు పొట్టు ఎంత ఉందో అనుకుంటూ, ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. నా జీవితంలో తెలియని లెక్క అదొక్కటే. హేతల్ నా మోచేయి తట్టి, "నర్సాబెన్, మీరు ఎక్కడున్నారు?" అంది.

"ఇక్కడే" అన్నాను. అదీ అబద్ధమే.

సోమవారం పెద్ద డాక్టరు నోటుపుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడట. ఇంత పిచ్చి పని ఇంత పద్ధతిగా చేసిన మనిషిని కల్పించటం ఎవరి తరమూ కాదు, కాబట్టి ఈమె నిజంగానే ఉంది అన్నాడట. పరిశోధన నిలిచింది. దిద్దిన సంగతి కూడా అందులో రాసి తీరాలన్నాడు. ఇంకొకటి కూడా అడిగాడు: ఈవిడ చేత కూడా ఒక కట్ట నింపించి తీసుకురా.

మార్చి ఐదో తేదీ హేతల్ నలభై ఒకటో కట్ట తెచ్చింది. మొదటిసారి వచ్చిన నాటి నుంచి నెల రోజులంటారు, నిజానికి ఇరవై ఎనిమిదే. పెన్సిలు తెచ్చింది, రబ్బరు తేలేదు. నేను నా పెన్నుతోనే ఇరవై నిమిషాల్లో నింపేశాను. ఎక్కడా తడుముకోలేదు. నా మనసు నాకు తెలియదా?

ఆమె అక్కడే కూర్చుని, ఒక్కొక్క జవాబూ చూసుకుంటూ, ఆ ఎనిమిది ప్రశ్నలూ లెక్కకట్టింది. మా గల్లీ ఆడవాళ్లకు, రఫూలు విప్పాక, ఎనిమిదిలో రెండో మూడో వచ్చాయి. రాజవ్వకు ఒకటి.

"మీకు ఎంత వచ్చిందో చెప్పనా?" అంది.

"ఎనిమిది" అన్నాను గర్వంగా. చెప్పిన మరుక్షణం ఎనిమిది అంటే ఏమిటో గుర్తొచ్చింది.

ఆమె వేలు డెబ్బై నాలుగో ప్రశ్న మీద ఉంది. నేను ఇతరుల విషయాల్లో ఎప్పుడూ తలదూర్చలేదు. ఎదురుగా, పెన్నుతో, అందమైన అక్షరాలతో: అవును.

హేతల్ నవ్వటం మొదలుపెట్టింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పక్కగదిలోంచి రాజవ్వ వచ్చి, సంగతేమిటని అడిగి, విని, గోడకు ఆనుకుని కిందికి జారింది. "జర రబ్బరు ఇయ్యుర్రి మేడమ్, పాపం మా వదినకు" అంది.

రబ్బరు లేదు. ఆ జవాబు అలాగే వెళ్లింది. అరవై ఒకటో ప్రశ్నకు మాత్రం నేను ఆ రోజు రాసింది నిజం. అదేమిటో మీకు చెప్పను.

అప్పుడే తాపీ నదికేసి తిరిగి గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను: గుడ్డలో పోగు తెగితే కలుపుతాను, మనిషిలో తెగిన పోగు కనబడితే చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను, ఇంకొకరి మాటను ఇక ఈ జన్మలో దిద్దను. ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ ఒట్టు తప్పింది ఐదుసార్లు మాత్రమే.

నోటుపుస్తకం చూశాను. ఆరు.