పదిహేడో మడిలో నీలం పువ్వు

మా పిన్ని ఒక్కచోట కూర్చుని కాఫీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు పట్టుకునే వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతుంది. మేమిద్దరం పనిచేసే విత్తనాల కేంద్రంలో ఆమెను అందరూ కాలుకాలిన పిల్లి అంటారు, అదీ ముఖం మీదే. ఆమె అదేదో బిరుదు ఇచ్చినట్టు నవ్వుతుంది.

ఆమె పని అడవి పూలను పరీక్షించడం. రోడ్ల పక్కన, పార్కుల్లో చల్లడానికి వాటి విత్తనాలు కొనేవాళ్లున్నారు. కానీ ఆ పువ్వును రైతు పొలంలో పంటలా వేస్తే, యంత్రంతో ఒక్కసారి కోస్తే, చేతికి ఎంత గింజ వస్తుందో ముందు తేలాలి. ఒక్కో పువ్వుకు మూడేళ్ల గడువు. ఈలోగా కనీసం ఒక్క ఏడాదైనా మడికి అరకిలో రాకపోతే జాబితాలోంచి కొట్టేస్తారు.

పదిహేడో మడిలోది పిన్ని రైలుకట్ట మీద స్వయంగా ఏరి తెచ్చిన నీలం పువ్వు. దాని కాయ మహా పొగరుబోతు. ఎండ కాస్త ఎక్కువైతే చిటుక్కున పగిలి గింజల్ని గజం దూరం విసిరేస్తుంది. రెండేళ్లుగా అరకిలో అందలేదు. ఇదే ఆఖరి ఏడు. యంత్రం రెండోసారి రాదు కాబట్టి కోత ఒక్కరోజే. ఆ రోజేదో పిన్నే చెప్పాలి.

కాయ పండే ఆ పది రోజులూ ఇంట్లో మాకు ఊపిరాడలేదు. అన్నం ముందునుంచి లేచి వెళ్లి గాలి ఎటు వీస్తోందో చూసొచ్చేది. "మా పెళ్లిరోజు గుర్తుండదు గానీ, కాయ రంగు తిరిగిన రోజు మాత్రం గంటతో సహా చెబుతుంది," అని బాబాయి నా దగ్గర మొత్తుకున్నాడు.

మంగళవారానికి మూడొంతుల కాయలు పండాయి.

"రేపు పొద్దున్నే మంచుతడి ఆరకముందే కోసేద్దాం పిన్నీ," అన్నాను.

"కొసనున్నవి ఇంకా పచ్చిగా ఉన్నాయే. ఒక్కరోజు ఆగుదాం."

ఒక్క గింజా వదులుకోలేని ఆశ అది. బుధవారం మధ్యాహ్నం ఎండ మండిపోయింది. గట్టు మీద నిలబడితే మడంతా చిటచిటలాడుతోంది. పిన్ని చెవులు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

గురువారం కోసి, తూర్పారబట్టి, నేనే తూచాను. మూడువందల ఇరవై గ్రాములు.

బీరువాలో ఒక గుడ్డసంచి ఉంది. మొలక పరీక్ష కోసమని గట్టు వార మొక్కల నుంచి పిన్ని రోజూ చేత్తో ఏరిన గింజలు అందులో ఉన్నాయి.

"నాలుగు గుప్పెళ్లు కలిపితే గండం గట్టెక్కుతుంది పిన్నీ. ఎవరికి తెలుస్తుంది?"

పిన్ని గదిలో అటూ ఇటూ తిరిగింది. సంచి తీసి ముడి విప్పింది. మళ్లీ కట్టింది. మళ్లీ విప్పింది.

"ఈ అంకె నమ్ముకుని ఎవరో మూడెకరాలు వేస్తారు. రేపు వచ్చి అడిగితే ఏం చెప్పను, చేత్తో ఏరుకోమనా? మూడొందల ఇరవై అని రాయి."

రాశాను. దాచడమెందుకు, ఆమె మీద నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండానే నీలం పువ్వును కొట్టేసి మడి దున్నేశారు.

వానలు పడ్డాక అదే మడిలో ఇంకో పువ్వు వేశాం, పసుపుపచ్చది. పదిరోజులకల్లా దాని వరసల్లో, వరసల మధ్యా, ఎక్కడపడితే అక్కడ నీలం పువ్వు మొలకలు లేచాయి. మాకు దక్కని గింజలన్నీ నేలకు దక్కాయి. అధికారి వచ్చి చూసి, "కలుపు బాగా పట్టిందమ్మా, తీయించండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

రెండాకుల వయసులో ఆ రెండు మొలకలకూ తేడా చెప్పగలిగేది మా కేంద్రంలో పిన్ని ఒక్కతే. అందుకని కూలీలను పెట్టలేదు. తనే కొంగు దోపుకుని మడిలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. నేను మంచినీళ్లు పట్టుకెళ్లేసరికి పక్కన బుట్ట సగం నిండింది.

"మొలక శాతం ఎంత బాగుందో చూడవే," అంది, ఇంకొకటి పీకి బుట్టలో వేస్తూ.