పక్కింటి టీవీలో నాన్న గొంతు

మొన్న పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌లో మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి వైర్లు అతికిస్తుంటే, ఆ సోల్డరింగ్ పొగ వాసనకి దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడానికి నాన్న పెట్టుకున్న సీబీ రేడియో గుర్తొచ్చింది.

అప్పుడు మేం ఇదే ఊళ్లో, టోవా పాయో పేటలో ఉండేవాళ్లం. దేశం వదిలి వచ్చిన నాన్నకి షిప్‌యార్డు పనే తప్ప స్నేహితులంటూ లేరు. రేడియోలో ఎవరైనా పలుకుతారని ఆశ. ఒక ఆదివారం, వంటింటి కిటికీ బయట బట్టలారేసే వెదురుగడకి యాంటెన్నా కట్టాడు. దాని పొడవు కొంచెం కొంచెం తగ్గిస్తూ, మైకులో మాట్లాడుతూ, మీటరు చూసుకుంటున్నాడు. ముల్లు ఎంత కిందికి దిగితే అంత బాగా కుదిరినట్టట.

నేను పక్కింటి తమిళ ఆంటీ వాళ్లింట్లో సినిమా చూస్తున్నాను. ఉన్నట్టుండి టీవీలోంచి నాన్న గొంతు వచ్చింది.

"హలో, ఎనీబడీ హియరింగ్ మీ? ప్లీజ్, ఎవరైనా పలకండి."

ఆంటీ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "యువర్ ఫాదర్ ఫేమస్ లా!" అన్నారు ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

రేడియో తరంగాలు పక్కనున్న టీవీలోకి చొరబడతాయని తెలీక, నిజమేననుకుని ఇంటికి పరిగెత్తాను.

"నాన్నా, నువ్వు టీవీలో వచ్చావు! అందరికీ వినిపించింది!"

నాన్న ముఖం మాడిపోయింది. "ఏం వినిపించిందమ్మా?"

ఆ బతిమాలే గొంతుతో సహా చేసి చూపించాను.

ఆయన మైకు పక్కన పెట్టి స్విచ్చు ఆపేశాడు. సాయంత్రం కారిడార్‌లో ఆంటీ ఎదురైతే తలవంచుకుని, "సారీ సిస్టర్" అన్నాడు. ఆ వారమే రేడియో ఎవరికో ఇచ్చేశాడు.

యాంటెన్నా కుదరకే రేడియో ఇచ్చేశాడని చాలా ఏళ్లు అనుకున్నాను. నాన్న పిలిచింది ముక్కూమొహం తెలియని ఎవరినో. విన్నది మాత్రం రోజూ ఎదురయ్యేవాళ్లు. ఆ పిలుపుని ఆయన ముందే అంత బాగా అనుకరించానని తలచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను.