ఐరేని కుండలు ఎవరు రాసిండ్రు?

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మీద వచ్చినంత కోపం నాకు మరెవరి మీదా రాలేదు. మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు, కుమ్మరి ఇల్లు. నిజాం రాజ్యం పోయినా మా ఊళ్ళో దొర మాట ఇంకా చెల్లుతున్న రోజులు. పెళ్ళి పందిట్లో పూజకు పెట్టే ఐరేని కుండలు మా ఇంటి నుంచే పోయేవి. వాటికి సున్నం పూసి ఎర్రటి జాజుమట్టితో తీగలు, పువ్వులు రాయడం ఆడవాళ్ళ పని. నాయనమ్మకు చెయ్యి వణకడం మొదలైంది. దొర ఇంటి పెళ్ళికి కుండలు నన్ను రాయమంది.

రాసి చూపిస్తే తడిగుడ్డతో తుడిచేసింది. మళ్ళీ రాశాను, మళ్ళీ తుడిచింది. తన చెయ్యే నిలవదు, నాకు వంకలు పెడుతుందా అని ఏడుస్తూ లోపల తిట్టుకున్నాను. చివరికి ఒక రోజు తుడవలేదు. గుడ్డ పక్కన పడేసి లేచి పోయింది. మెచ్చుకోవడమంటే ఆమెకు అంతే.

పెళ్ళివాళ్ళు డప్పులతో వచ్చారు. దొరసాని కుండలు చూసి ముచ్చటపడి, "ఎవలు రాసిండ్రు?" అని అడిగింది. పిల్ల రాసిందంటే ఏమంటారోనని మా అమ్మకు భయం. "మా అత్త రాసింది, దొరసాని" అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాయనమ్మ అమ్మను కాల్చేసేటట్టు చూసింది. "అబద్ధం. నా చెయ్యి ఎట్ల వణుకుతుందో చూడుండ్రి. నా మనుమరాలు రాసింది."

దొరసాని ముఖం మారింది. "లగ్గం కుండలు పోరితోని రాయిస్తవా?"

"మంచిగ లేకుంటే నేనే పలగ్గొడ్తుంటి. వద్దంటే ఇడ్సిపెట్టి పోండ్రి."

డప్పులు ఆగిపోయాయి. దొర ఇల్లు కాదన్న కుండలను ఊళ్ళో ఇంకెవరు ముట్టుకుంటారు? అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. నాయనమ్మ నా మీదికి తిరిగింది. "నీకు నోరు లేదా? ఎవలు రాసిండ్రో నువ్వే చెప్పు."

"నేనే రాసిన" అన్నాను.

దొరసాని ఒక కుండను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూసింది. నన్ను మెచ్చుకోలేదు. కుండకు పసుపు బొట్టు పెట్టి నెత్తికెత్తుకుని నడిచింది. డప్పులు మళ్ళీ మోగాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలు ఒళ్ళు వంచి పని చేసి, ఎవరైనా బాగుందంటే "ఏదోలే" అని నసుగుతారు. నాకు కోపం నషాళానికంటుతుంది. నేను మాత్రం ఎవరైనా అడిగితే, చేతులు కడుక్కోకముందే చెప్తాను, నేనే చేసిన అని.