టీకా పడకముందే

అన్నయ్య పోయాక నేను నాంపల్లిలో వాళ్లింట్లోనే ఉండిపోయాను. ఆదరణ కూడిక అయిపోయి, పాస్టరుగారూ చుట్టాలూ వెళ్లిపోయాక వదిన ఒక్కతే మిగిలింది. వాళ్లకు పిల్లల్లేరు. నా ఉద్యోగం అబిడ్స్‌లోనే కాబట్టి బట్టలు తెచ్చేసుకున్నాను. వదిన గడప దాటేది కాదు. ఆదివారం చర్చికి కూడా రానంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం అన్నయ్య స్నేహితుడొకాయన వచ్చాడు. లక్డీకాపూల్ ఆఫీసులో ఇద్దరూ కలిసి పనిచేసేవారు. చేతిలో అట్టపెట్టె ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“అన్న చెప్పి పెట్టిండు వదినా. మా కుక్క ఈనితే ఒక పిల్ల నాకే అన్నడు. మీ పెళ్లిరోజుకు ఇస్తడంట, మీకు జెప్పొద్దన్నడు. ఇప్పుడేం జెయ్యాల్నో సమజ్ గాలే. వద్దంటే మళ్ల తీస్కపోత.”

వదిన పెట్టెలోకి చూసింది. గోధుమరంగు ఆడకుక్కపిల్ల, మూలకు ఒదిగి వణుకుతోంది.

“ఇదేం తింటుంది?” అంది వదిన.

మర్నాడు నేనే దాన్ని అబిడ్స్ అవతల ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ బరువు తూచి, కళ్లూ చెవులూ చూసి, నులిపురుగుల మందు పట్టించింది. టీకా వచ్చే వారం వేద్దామంది. “టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీద దించకండి. ఇప్పుడే స్నానం చేయించకండి. ఆవుపాలు పట్టొద్దు, విరేచనాలవుతాయి. తిండి మానేసినా, వాంతులైనా వెంటనే తీసుకురండి. ఇంత చిన్నవాటికి ఒంట్లో నీరు పోవడానికి ఎంతోసేపు పట్టదు,” అంది.

ఇంటికొచ్చి చెబుతుంటే వదిన తల వంచుకుని విన్నది. వింటోందో లేదో అనుకున్నాను. ఆ పూటే ఉప్పు వేయకుండా కోడిమాంసం ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి, వేలితో కొంచెం కొంచెంగా తినిపించింది. అన్నయ్య పోయాక ఆమె పొయ్యి వెలిగించడం నేను చూసింది అదే మొదటిసారి.

టీకా వేయించాల్సిన రోజు ఇంకా రానేలేదు. ఆదివారం పొద్దున కుక్కపిల్ల గిన్నె దగ్గరికి రాలేదు. నురగ కక్కింది. కాసేపటికి మళ్లీ కక్కి, అక్కడే పడుకుండిపోయింది.

“తిన్నది పడలేదేమో వదినా. సాయంత్రం దాకా చూద్దాం,” అన్నాను.

“ఆ మాట అనకు.”

గొంతు పెంచలేదు. నేను మాత్రం కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడ్డాను. ఛాతీలో నొప్పన్న రోజు అన్నయ్య కూడా గ్యాసే అనుకున్నాడు. సోడా తాగి, కాసేపు పడుకుంటాను, సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు వదినతో. సాయంత్రం కాకముందే పోయాడు.

వదిన చీర కూడా మార్చుకోలేదు. కుక్కపిల్లను తువ్వాలులో చుట్టుకుని నాకంటే ముందు మెట్లు దిగింది. ఆటో అబిడ్స్ దాకా వచ్చి ఆగిపోయింది. ఫుట్‌పాత్ పొడుగునా ఆదివారాలు అమ్మే పాత పుస్తకాలు, వాటి చుట్టూ జనం, రోడ్డు నిండా బస్సులు. “జర ఆగున్రి అమ్మా, కదుల్తది,” అన్నాడు ఆటో ఆయన. వదిన ఆగలేదు. దిగి, జనాన్ని భుజంతో తప్పించుకుంటూ నడిచింది. ఇన్నాళ్లూ వీధి చూడని మనిషి వెనక నేను పరుగెత్తాల్సి వచ్చింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి పార్వో అంది, కుక్కపిల్లల పేగులకు సోకే వైరస్ జబ్బట. పుట్టిన చోటే అంటుకుని ఉండొచ్చు, ఎవరి చెప్పులతోనైనా వచ్చి ఉండొచ్చు అని చెప్పింది. సన్నటి ముందుకాలికి సెలైన్ పెడుతుంటే వదినే కదలకుండా పట్టుకుంది.

“వాంతులు ఎప్పటినుంచి?”

“పొద్దున్నించే. చూడగానే బయల్దేరాం.”

“మంచి పని చేశారు. బతుకుతుందని ఇప్పుడే చెప్పలేను. కానీ వేళకు తెచ్చారు.”

ఆ మాటకు వదిన ముఖం ఒక్కసారిగా మారిపోయింది. భూస్థాపన నాడు కూడా కన్నీరు పెట్టని మనిషి, కుక్కపిల్ల కాలు వదలకుండానే ఏడ్చింది. డాక్టరమ్మ స్టూలు తెచ్చి వేసింది.

తర్వాత రోజూ సెలైనుకు తీసుకెళ్లాం. రక్తవిరేచనాలైన రోజు ఇక దక్కదనుకున్నాను. వదిన మాత్రం ఇంటికి రాగానే బ్లీచింగ్ నీళ్లతో నేలంతా తుడిచి, తువ్వాళ్లు ఉడకబెట్టి, మళ్లీ దాని పక్కన కూర్చునేది. ఒక మధ్యాహ్నం అది తనంతట తాను లేచి నాలుగు చుక్కల నీళ్లు తాగింది. కక్కలేదు. వదిన గోడకు చేరగిలబడి, కూర్చున్నచోటే నిద్రపోయింది.

బాగా కోలుకున్నాక గాని టీకా వేయకూడదంది డాక్టరమ్మ. వేయించాం, తర్వాతవి కూడా వేళ తప్పకుండా వేయించాం.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం, “సమాధుల తోటకు వెళ్దామా?” అంది వదిన. భూస్థాపన తర్వాత ఆమె అటు వెళ్లనే లేదు. కుక్కపిల్లను పక్కింటావిడకు అప్పగించి ఇద్దరం వెళ్లాం. మట్టి ఇంకా పచ్చిగానే కనిపిస్తోంది. వదిన అన్నయ్య తలాపున కూర్చుని, వంగి, చాలాసేపు ఏదో చెప్పింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. నాకు వినపడలేదు.